లచ్చవ్వకు అందకుండా పెంచిన శ్రుతి

ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లుగా ఒక సంగతి నాతోనే తిరుగుతోంది. బరువంటే మంచాన పడేసేంత బరువేమీ కాదు. చెప్పులో దూరిన చిన్న రాయిలాంటిది. దానితోనే నడవొచ్చు, నవ్వొచ్చు, పెళ్లికి పోయి నాలుగు గారెలు ఎక్కువే తినొచ్చు. కానీ హార్మోనియం ముందు కూర్చున్నప్పుడల్లా గుచ్చుకుంటుంది. మా ఆయనకు చెప్పలేదు. దేవుడికి కూడా సగమే చెప్పాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పడం కాస్త సులువనిపించింది.

అసలు మాట ముందే చెప్పేస్తాను, లేకపోతే మధ్యలో ధైర్యం చాలదు. ఒక ముసలామె గొంతు నిక్షేపంలా ఉండగానే, అది పోయిందని ఆమెను నమ్మించాను. పాటతోనే నమ్మించాను. ఆమె నమ్మింది. ఆ తర్వాత పాడటం మానేసింది.

మాది నారాయణఖేడ్. మా నాన్న వీధి నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. మనూర్, కల్హేర్, కంగ్టి, ఎక్కడ నాటకం వేసినా ఆ పెట్టెను బస్సు మీదికి ఎక్కించుకుని పోవాల్సిందే. అన్నకు నేర్పబోతే వాడు పారిపోయాడు. నేను కూర్చున్నాను. నాన్న నాకు రాగాల కంటే ముందు ఒక పద్ధతి నేర్పాడు. "ముందుగాల పాడేటోని గొంతు చూడు. దానికి ఏ మెట్టు సరిపోతదో ఆడ పట్టు" అనేవాడు. మెట్లంటే హార్మోనియం మీద వేళ్లతో నొక్కే నల్లవీ తెల్లవీ. కుడివైపు జరిగేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. మీరు ఇంత గుర్తుంచుకుంటే చాలు, తక్కిన సంగీతం నేను చూసుకుంటాను. రాజు వేషం కట్టినవాడు జలుబుతో వస్తే నాన్న చప్పుడు చేయకుండా రెండు మెట్లు కిందికి దిగి వాయించేవాడు. చూసేవాళ్లకు తెలిసేది కాదు. ఒక్కోసారి ఆ రాజుకే తెలిసేది కాదు, ఇవాళ నా గొంతు భలే పలికిందని మీసం దువ్వుకునేవాడు. ఆ సంగతి చెప్పి నాన్న కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వేవాడు.

ఎనభైల చివర్లో మా ఊళ్లో ఒక వృద్ధాశ్రమం పెట్టారు. దాని పేరు చెప్పను, తప్పు నాది గనుక. ఒక పాత ధాన్యం గోదాముకు సున్నం వేసి పద్నాలుగు మంచాలు పరిచారు. పైన రేకులు. అందులో పాడితే గొంతు నాలుగింతలై వినిపించేది. వారానికోసారి వచ్చి నాలుగు భజనలు పాడమని అక్కడి మేనేజర్ అడిగాడు. మా భజన బృందమంటే నేనూ, డోలు వాయించే సత్తెమ్మా. సత్తెమ్మ మా పక్కింటామె, నన్ను వదినె అని పిలిచేది. ప్రతి గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పోవాలని ఒప్పుకున్నాం.

మొదటి గురువారం నా దగ్గరున్న గొప్ప సరుకంతా బయటికి తీశాను. దేహం శాశ్వతం కాదని, పైనుంచి పిలుపొస్తే ఆగేది లేదని ఒకదాని వెంట ఒకటి మూడు తత్వాలు పాడాను. కళ్లు మూసుకుని మరీ పాడాను. తెరిచేసరికి బాలయ్య తాత అనే ఆయన బడిపిల్లాడిలా చేయి ఎత్తి ఉన్నాడు.

"సస్తమని మాకెరుకనే గదనే. గది చెప్పనీకి పెట్టె మోసుకొని రావాల్నా? పెండ్లి పాటలు రావా నీకు?"

సత్తెమ్మ డోలు మీద తల పెట్టి నవ్వింది. ముసలివాళ్లందరూ నవ్వారు. ఇక ఆ రోజు నుంచి తత్వాలు కట్టిపెట్టి పెళ్లి పాటలు, నాట్ల పాటలు, వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు అందుకున్నాం. బాలయ్య తాత మగపెళ్లివారి తరఫున లేచి మాకు తిట్లతో జవాబు చెప్పేవాడు. అంత నవ్విన మధ్యాహ్నాలు నా జీవితంలో ఇంకెక్కడా లేవు. ఇది కూడా ఒప్పుకోవాలి.

లచ్చవ్వ అక్కడే ఉండేది. కంగ్టి దిక్కు పల్లె మనిషి, సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేది. ఏడాదికి ఆరు నెలలు కర్ణాటకలో చెరుకు కొట్టి బతికింది. పెనిమిటి ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఆశ్రమంలో కందిపప్పు ఏరే పని తనే పట్టుకుంది, చేట ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. మేము పాడినంతసేపూ తలెత్తేది కాదు. ఐదారు వారాలు అలాగే గడిచాయి. ఒక గురువారం విసుర్రాయి పాట ఒకటి పాడుతూ నేను మధ్యలో చరణం మరిచిపోయాను. ఏదో ఒకటి అల్లేద్దామని చూస్తుండగా మూల నుంచి ఆ చరణం వచ్చింది.

ఆ గొంతు గురించి ఎలా చెప్పాలి? సన్నగా లేదు, తియ్యగా లేదు. కొంచెం గరుకు. అడుగు నుంచి తొందర లేకుండా లేచి గోదాము నిండిపోయింది. పప్పు మీద చేయి ఆగలేదు, ఏరుతూనే పాడింది. బాలయ్య తాత నోరు మూసుకుని విన్నాడు. అది అంతకుముందు మేమెవరం చూడని వింత. నా వేళ్లు వాటంతటవే మొదటి నల్లమెట్టు మీదికి పోయాయి, ఆమె గొంతు సరిగ్గా అక్కడ కూర్చుంది. నాన్న ఉంటే మురిసిపోయేవాడు. నేనూ మురిశాను, అబద్ధమెందుకు? ఆ మురిపెం రెండు వారాలుంది.

నా గురించి మీకొకటి చెప్పాలి. అప్పట్లో ఖేడ్‌లో పెళ్లి అంటే నా పాట, గణపతి మండపం అంటే నా పాట. కూరగాయలు కొంటుంటే "పాటలక్కా" అని వెనక నుంచి పిలిచేవారు. నాకది ఎంత ఇష్టమంటే, వినబడనట్టు నటించి రెండోసారి పిలిపించుకునేదాన్ని.

మూడో వారం మేము గుమ్మంలో అడుగు పెట్టగానే బాలయ్య తాత లోపలికి కేకేశాడు. "లచ్చవ్వా, పెట్టె వచ్చింది. రా జల్దీ!" పెట్టె వచ్చిందట. నేను రాలేదు, పెట్టె వచ్చింది! ఇంటికి పోతుంటే సత్తెమ్మ తన ధోరణిలో తను అంది. "ఏమన్నగాని వదినె, గా ముసలామె పాడినంక నువ్వు పాడితే సప్పగనే ఉంటుంది." ఆమె మనసులో ఏమీ లేదు. ఉప్పు తక్కువైన కూరను తక్కువైందన్నట్టు అంది. ఆ సాయంత్రం నేను రెండు జొన్నరొట్టెలు మాడ్చాను. మా ఆయన అవే తిన్నాడు.

నన్ను నేనే అడుగుతుంటాను. ఆమె నా పెళ్లిళ్లకు అడ్డం రాదు, నా మండపాలకు అడ్డం రాదు. గోదాములో పద్నాలుగు మంది ముసలివాళ్ల మధ్య, వారానికి ఒక్క గంట. ఆ గంట కూడా నాకే కావాలా? కావాలి. అదే నిజం. ఊరంతా మెచ్చుకున్నా సరే, ఆ ఒక్క గదిలో నేను రెండోదాన్నన్న సంగతి నాకు పడలేదు.

ఇంతలో ఆశ్రమం పెట్టి ఏడాది కావస్తోందని, నెలా పదిహేను రోజుల్లో చిన్న సభ పెడతామని మేనేజర్ చెప్పాడు. షామియానా వేస్తారు, మైకు తెస్తారు. సంగారెడ్డి నుంచి వచ్చే సార్లలో ఒకాయన టేపు రికార్డరు తెచ్చి ఒక పాట పట్టుకుంటాడట. "గా పాట లచ్చవ్వ పాడాలె. నువ్వు పెట్టె వాయించక్కా" అన్నాడు. నేను నవ్వి తలూపాను. ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందోనని ఇప్పటికీ అనుకుంటాను.

లచ్చవ్వకు మాత్రం ఒకటే సందేహం. టేపులో తన గొంతు తనకే వినిపిస్తుందా అని. వినిపిస్తుందని చెప్పాం. చేట పక్కన పెట్టేసింది, అది మామూలు విషయం కాదు. "చెరుకు తోటల్ల ఎన్ని పాటలు పాడిననో బిడ్డా. అందరిన్నరు, నేనొక్కదాన్ని ఇనలే. ఒక్కపారి ఇంటే సాలు" అంది. సభకు ఇంకా నెలకు పైగా ఉండగానే తన పచ్చ చీర ఉతికి మడతపెట్టి తల కింద పెట్టుకుంది. ఆమెకు కావాల్సింది అంతే. ఒక్కసారి తన గొంతు తను వినడం.

ఆ వచ్చిన గురువారం నా చేయి దానంతటదే పక్క మెట్టు మీదికి జరిగిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. జరగలేదు. నేనే జరిపాను. మొదటి నల్లమెట్టు పక్కనున్న తెల్లమెట్టు. ఒక్కటే, ఊరికే చూద్దామని. ఏం చూద్దామని? లచ్చవ్వ పాడింది, పై చరణం దగ్గర మాత్రం కొంచెం మెడ చాచింది. తర్వాతి గురువారం ఇంకో మెట్టు. ఆ పై గురువారం ఇంకొకటి. నాలుగు వారాల్లో నాలుగు మెట్లు. ఒక్కసారిగా పెంచితే ఎవరైనా పసిగడతారు. మెల్లగా పెంచితే పాడేవాళ్లకు తమ గొంతే తగ్గిపోతోందనిపిస్తుంది. నాన్న ఏ విద్యతో తడబడేవాళ్లను చాటుగా నిలబెట్టాడో, అదే విద్యతో నేను నిలబడి ఉన్న మనిషిని చాటుగా పడగొట్టాను.

మూడో వారం సత్తెమ్మకు ఏదో తేడా కొట్టింది. "డోలు కలుస్తలేదేంది వదినె?" అంది. వానలకు తోలు మెత్తబడి ఉంటుంది, బిగించు అన్నాను. శ్రావణం, బయట నిజంగానే వాన. అబద్ధానికి వాన కూడా సాయం వచ్చింది. సత్తెమ్మ పాపం డోలు తాళ్లు బిగించుకుంది.

నాలుగో వారం పై చరణంలో లచ్చవ్వ గొంతు చీలింది. బాలయ్య తాత అది వినబడకుండా గట్టిగా దగ్గాడు. ఆయన అలా ఒకరి పరువు కాపాడటం నేను మొదటిసారి చూశాను. లచ్చవ్వ తనే నవ్వేసింది. ఆ తర్వాత వారమంతా మిరియాలు నమిలిందట, కరక్కాయ బుగ్గన పెట్టుకుని తిరిగిందట. నేను ఇంటి నుంచి పటికబెల్లం పొట్లం కట్టుకుపోయి ఇచ్చాను. అవును, నేనే. ఆమె నా తల నిమిరి తీసుకుంది.

సభకు ముందు గురువారం నేను పెట్టె మూస్తుంటే నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"బిడ్డా, ఒక మాట అడుగుతా. పొద్దుగాల పప్పు ఏరుకుంట పాడితే మంచిగనే ఎల్తుంది. నువ్వొచ్చి పెట్టె తెరిస్తేనే పట్టుకుంటుంది. ఏమైందంటవ్?"

"వయసు మీద పడ్డదవ్వా. ఉత్తగ పాడుకునుడు వేరు, పెట్టె మీద పాడుడు వేరు."

"అంటే నా గొంతు పోయినట్టేనా?"

నేను ఆమె ముఖం చూడలేదు. పెట్టె గొళ్లెం పెడుతూ అన్నాను. "పోయినట్టేనవ్వా."

ఆమె కొంగు దులుపుకుని లేచింది. "పోతే పోయింది తియ్యి. మనిషైతే మొకమాటానికి ఒకటి చెప్తడు. పెట్టె అబద్ధమాడదు గద. ఇగ నువ్వే పాడు బిడ్డా" అంది.

మెట్టు జరపడం పెద్ద తప్పా, ఆ మాట అనడం పెద్ద తప్పా? చాలాసార్లు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. మెట్టు జరిపినప్పుడు ఆమె నన్నేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు, అది కుళ్లు అనుకుందాం. కానీ ఆమె దాదాపు నిజం దగ్గరికి వచ్చేసింది. పొద్దున పలికే గొంతు మధ్యాహ్నం ఎందుకు పలకదని సూటిగా అడిగింది. ఇంకొకరైతే నన్నే అనుమానించేవారు. ఆమె చెక్కపెట్టెను నమ్మి తన గొంతును అనుమానించింది. అక్కడ నేను నోరు విప్పి ఉంటే సరిపోయేది.

సభ రోజు మైకు ముందు నేనే కూర్చున్నాను. మెట్టు దించుదామనుకున్నాను, కానీ ముందు వరుసలో పచ్చ చీర కట్టుకుని లచ్చవ్వ ఉంది. దించితే ఆ పాట సరిగ్గా ఆమె గొంతు దగ్గరికి వచ్చి ఆగుతుంది, ఆమె అందుకుంటుంది, అందరికీ తెలిసిపోతుంది. భయపడి అదే పై మెట్టు మీద పాడాను. ఆ శ్రుతి నాకూ ఎక్కువేనన్న సంగతి టేపు తిప్పి వినిపించినప్పుడు తెలిసింది. పై చరణంలో నా గొంతు తోక తొక్కిన పిల్లిలా ఉంది. షామియానా అంతా గొల్లుమంది. మిషన్లో ఏదో తిరకాసుందని మేనేజర్ సర్దబోయాడు. "మిషన్ మంచిగనే ఉన్నది" అన్నాడు బాలయ్య తాత. నేనూ నవ్వాను, నవ్వక చస్తానా?

లచ్చవ్వ నవ్వలేదు. టేపు రికార్డరు దగ్గరికి వంగి చెవి ఆనించి చివరిదాకా విన్నది. ఉన్నట్టుండి ఆమె ముఖం వెలిగిపోయింది.

"అగో, గా చప్పట్లు నాయే! ఇన్నరా? నాయే గవి!"

పాట పొడుగునా ఆమె వేసిన తాళం టేపులో పడింది. ఇంకోసారి తిప్పమని అడిగి మళ్లీ విన్నది, పక్కవాళ్లను పిలిచి వినిపించింది. నేను మంచినీళ్ల నెపంతో గోదాము వెనక్కి పోయి ముఖం కడుక్కున్నాను. కడుక్కుని, ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.

మరుసటి గురువారమే మెట్టు దించేశాను. మొదటి నల్లమెట్టు. రా అవ్వా, పాడు అన్నాను. ఆమె రాలేదు. "పోయిన గొంతును ఎందుకు సతాయిస్తవ్?" అని చప్పట్లు అందుకుంది. ఆ తర్వాత వారమూ పిలిచాను, ఆ పై వారమూ పిలిచాను. బతిమాలాను కూడా. నేను బతిమాలినకొద్దీ నాది మంచి మనసని అక్కడ పేరొచ్చింది.

పైగా ఆమె ఇంకో పని చేసింది. తనకిక పనికిరావని పాటలన్నీ నాకు ఇచ్చేసింది. పాడి కాదు, మాటలుగా చెప్పి. రాగం ఎలా పోవాలో చేత్తో చూపించేది. చేట మీద చేయి లేస్తే పైకి, పప్పును తాకితే కిందికి. నేను తప్పు పోతే చేటతోనే మోకాలి మీద ఒకటి వేసేది. కన్నడం మాటలు నా నోట్లో తిరగక ఏదో ఒకటి పలికితే ఆమెకూ సత్తెమ్మకూ నవ్వాగేది కాదు. రెండేళ్లు అలా నేర్చుకున్నాను. నాకు గురువులంటే నాన్న తర్వాత ఆమే.

ఒక గురువారం సత్తెమ్మకు జ్వరమొస్తే నేనొక్కదాన్నే కొంచెం ముందుగా పోయాను. గోదాము వెనక సొరతీగకు నీళ్లు పోస్తూ లచ్చవ్వ పాడుతోంది. అదే గొంతు. అదే గరుకు, అదే తీరిక. ఏమీ పోలేదు. నేను గోడ పక్కన ఆగిపోయాను. చెంబులో నీళ్లు అయిపోయి ఇటు తిరిగి నన్ను చూసింది, సిగ్గుపడింది.

"ఇన్నవా? ఉత్తదే బిడ్డా. గొంతు లేకున్న నోరు ఊకుంటదా?"

అప్పుడైనా చెప్పాల్సింది. ఎవరూ లేరు. ఒక్క వాక్యం. నోరు తెరిచాను. "అన్నం తిన్నవా అవ్వా?" అని అడిగాను. తిన్నానంది. ఇద్దరం లోపలికి పోయాం.

ఆ మరుసటి చలికాలంలో మూడు రోజుల జ్వరంతో ఆమె పోయింది. ఆ రోజు భజనలో నేను ఆమె పాటలే పాడాను.

ఇప్పుడు ఆ పాటలతోనే నాకు ఇంత పేరు. ఎవరైనా మెచ్చుకుంటే ఇవి నావి కావు, లచ్చవ్వవి అంటాను. ఎంత వినయం అని ఇంకాస్త మెచ్చుకుంటారు. చూశారా, సగం నిజం చెప్పినా నాకు లాభమే. చెప్పి ఉంటే ఆమె ఏం చేసేది? నాకు తెలుసు, చేటతో ఒకటి వేసేది, నవ్వేది, ఆ మధ్యాహ్నమే పాడేది. నాకు పోయేదేమిటి? బజారులో వెనక నుంచి వచ్చే ఒక పిలుపు. దానికోసం ఒక మనిషి తన గొంతు లేదనుకుంటూ మూడేళ్లు బతికింది.

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉండేదో ఆమె లేదు. ఒక్కటే చేస్తాను. సొరతీగ దగ్గర అనాల్సిన మాట ఇక్కడ అంటాను.

"లచ్చవ్వా, నీ గొంతు పోలే. మంచిగనే ఉన్నది. పెట్టె అబద్ధమాడింది. ఆడిపిచ్చింది నేను."

అయిపోయింది. రాయి తీసి అవతల పడేసినట్టు హాయిగానే ఉంది, దాచను. కానీ ఆ మాట చదవడానికి మీకెంతసేపు పట్టిందో, ఆ రోజు చెప్పడానికి నాకూ అంతే పట్టేది.